పాలబ్బాయి

మొదటి గుడ్డపీలిక నుదుటి మీద పడింది. చల్లగా ఉంది. తడి ప్లాస్టర్ వాసన, వెల్ల వేసిన గోడ మీద కొత్త వాన పడినప్పటి వాసన, ఊహ తెలిసినప్పటి నుంచీ అంజుగం ముక్కుకి అలవాటైన వాసన. "ఇక మాట్లాడకక్కా," అన్నాడు యూసుఫ్. "నవ్వొచ్చినా దగ్గొచ్చినా బిగబట్టుకో. ఊపిరాడకపోతే బొటనవేలెత్తు." కనుబొమల మీద, రెప్పల మీద వాజిలైన్ మందంగా పూసి, చెవుల్లో దూది పెట్టి, ముక్కు రంధ్రాలు మాత్రం వదిలేసి, అతను ఆమె ముఖాన్ని పైనుంచి కిందికి కొద్దికొద్దిగా మూసేస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఎంతమంది ముఖాల అచ్చులు ఇద్దరూ కలిసి తీశారో, కూరగాయల బండివాడివి, టీకొట్టు ముసలాయనవి, సినిమాల్లో శవంగా పడుకునే ఒకాయనవి కూడా. ఆయన అసలు కదల్లేదు, పని అయ్యాక చూస్తే నిద్రపోయి ఉన్నాడు. తను పడుకోవడం మాత్రం ఇదే మొదటిసారి. చెన్నై చివర నీలాంగరైలో తన షెడ్డులో, రేకుల కప్పు కింద, నడి మధ్యాహ్నం, అరవై దాటిన ఆడది బల్ల మీద వెల్లకిలా, పాడె మీద పడుకున్నట్టు. ఆ పోలిక తనకే నచ్చలేదు. నచ్చకపోయినా అది వదల్లేదు.

పెదవుల మీద కూడా పీలికలు పరిచాక లోకం చీకటై, గొంతులన్నీ బావిలోంచి వస్తున్నట్టయ్యాయి. కాళ్ళవైపు కుర్చీల్లో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు మీనాళ్, నుంగంబాక్కంలో గ్యాలరీ నడిపే మనిషి, అంజుగం చేసిన ప్రతి బొమ్మనీ అమ్మింది ఆవిడే. రెండోవాడు అశ్వత్థ్, పాల కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు, ఇస్త్రీ నలగని చొక్కా, మాటమాటకీ మేడమ్. అంజుగం ముప్ఫై ఏళ్ళ పనికి పెద్ద ప్రదర్శన పెడుతున్నారు, ఖర్చంతా ఆ కంపెనీదే. గుమ్మం దగ్గర పాలబ్బాయి నిలబడతాడు, పక్కన వాణ్ణి చేసిన మనిషి కూడా బొమ్మై నిలబడుతుంది, ఇద్దరూ ఒకే ఎత్తులో, ఒకే మెరుపు రంగుల్లో. ప్రదర్శన అయ్యాక పాలబ్బాయి ఆ కంపెనీ గుర్తవుతాడు, ఊరూరా పాల బూత్‌ల మీద, ప్యాకెట్ల మీద, లారీల మీద. ఆ బొమ్మ మీద హక్కు అంజుగం చేతుల్లోంచి పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆమెని అడగడం పెద్దావిడ కదా అనే మర్యాదకే. ఆమె కూడా మర్యాదకే సరేనంది.

పాలబ్బాయి. ఆ పేరు ఆమె పెట్టలేదు. ఆమె అసలు పేరే పెట్టలేదు. మొదటి ప్రదర్శనప్పుడు మీనాళ్ చీటీ మీద రాయడానికి ఏదో ఒకటి కావాలంది, ఏం చెప్పాలో తెలియక అంజుగం తల వంచుకుంటే, చేతిలో పాలక్యాను ఉంది కదా, పాలబ్బాయి అనేద్దాం, ముద్దుగా ఉంది, అంది మీనాళ్. ఉంది మరి. నవ్వే కుర్రాడు, గులాబీ బుగ్గలు, నీలం నీడలు, పొద్దుతిరుగుడు పువ్వంత పసుపు చొక్కా, మునికాళ్ళ మీద నిలబడి తలకంటే ఎత్తున క్యాను వంచుతున్నవాడు. క్యానులోంచి ఫైబర్‌గ్లాసుతో చేసిన పాలు గట్టిగా, తెల్లగా, ఎప్పటికీ కింద పడకుండా. సినిమా కటౌట్లకి వేసే రంగులే అవన్నీ. నాన్న స్నేహితుల దగ్గర, కోడంబాక్కం వంతెన అవతల పెయింటర్ల కొట్టాల్లో, గౌన్లేసుకునే వయసులో నేర్చుకున్న రంగులు.

నాన్న స్టూడియోల్లో అచ్చుపనివాడు. స్తంభాలు, సింహాసనాలు, గోపురాలు, దేవుళ్ళు, అన్నీ ప్లాస్టర్‌తో పోసేవాడు. షూటింగ్ అయ్యాక వాటిని పగలగొట్టేవాళ్ళు, మేస్త్రీ మంచివాడైతే ఇంటికి తీసుకుపోనిచ్చేవాడు. సాలిగ్రామంలో వాళ్ళ రెండు గదుల ఇంట్లో ఒక మూల లక్ష్మీదేవి చెయ్యి, ఒక మూల ఏనుగు తల. ఆ ఏనుగు తలమీద కూర్చునే తమ్ముడు అన్నం తినేవాడు. సెల్వం. గోడమీద తెరవేలుపు ఫోటో, దానికి రోజూ మల్లెపూలు, ఆయన్ని ‘మా అన్న’ అనేవాడు, సొంత అక్కని మాత్రం ‘ఏయ్ పొట్టీ’. మా అన్న ఇలా నడుస్తాడు, మా అన్న ఇలా అగ్గిపుల్ల గీస్తాడు. అమ్మ అట్లకాడ పుచ్చుకుని, ముందు నువ్వు పదో తరగతి గట్టెక్కరా, తర్వాత నడుద్దువుగాని, అనేది. ఒకసారి మౌంట్ రోడ్డులో బస్సులోంచి ఇద్దరూ కటౌట్ చూస్తున్నారు, చెట్లకంటే ఎత్తు, బూటు ఒక్కటే బస్సంత. "చూస్తుండవే పొట్టీ, నన్నూ ఒకరోజు ఇంతెత్తున నిలబెడతారు." "నీ మొహానికి సరుగుడు కర్రలు దండగ." "ఎవరూ పెట్టకపోతే నువ్వే చేసిపెట్టు. కాలేజీలో బొమ్మలు చెయ్యడం నేర్పిస్తున్నారుగా, ఇంకెందుకు ఆ చదువు." పక్క సీటు ఆవిడ నవ్వింది. వాడు ఆవిడకేసి చూసి చొక్కా కాలర్ ఎగరేశాడు.

ముఖం మీద వేడి మొదలైంది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, తెలుసు, ఎంతమందికో తనే ధైర్యం చెప్పింది, భయపడకండి, జ్వరం చెయ్యి లాంటిది, కాసేపే అని. జ్వరం చెయ్యి కాదిది. ఆ రోజు ఆసుపత్రి వరండాలో వాడి బుగ్గ మీద తను వేసిన చెయ్యి గుర్తొస్తోంది, అప్పటికి వేడి ఇంకా పోలేదు.

మొదటి ఆట తెల్లవారాక. కొత్త సినిమా, సైదాపేటలో థియేటర్ ముందు మూడంతస్తుల కటౌట్, అభిమాన సంఘం కుర్రాళ్ళంతా రాత్రంతా అక్కడే. పాలు పోసే వంతు సెల్వానిది, దానికోసం సంఘంలో నెలరోజులు దెబ్బలాడాడు. కటౌట్ వెనకనుంచి కర్రలమీద ఎక్కాడు, చెప్పులు కింద తన జతగాడు యూసుఫ్‌కిచ్చి ఎక్కాడు. భుజం దగ్గర నిలబడి మొదటి క్యాను పోశాడు, కింద తప్పెట్లు, ఈలలు. రెండో క్యానుకి పలక మీద పాలు జారి కాళ్ళ కిందకి వచ్చాయి. కింద తాడు పట్టుకున్నవాడు యూసుఫ్. తాడు క్యానుకి కట్టింది, మనిషికి కాదు. మనిషికి కట్టుకోవడం నామోషీ ఆ కుర్రాళ్ళకి. ఆట ఆగలేదు. అంబులెన్సు వచ్చేసరికి లోపల పాట మొదలైంది, ఈలలు బయటికి వినపడుతున్నాయి. సాయంత్రం ఇంటికి ఒక దండ వచ్చింది, మనిషంత దండ, దానికి పట్టు రిబ్బను, రిబ్బను మీద బంగారు అక్షరాలతో హీరోగారి పేరు. సెల్వం పేరు ఎక్కడా లేదు. నాన్న ఆ దండ చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు, ఉందేమోనని.

ఆ తర్వాత అమ్మ ఇంట్లో పాలు కాచలేదు. ఎవరొచ్చినా వట్టి కాఫీ కషాయమే, బెల్లం వేసి. చుట్టాలు లోభి అనుకున్నారు. అనుకోనీ అంది.

అచ్చు లోపల ఏదో దురద, ఎడమ బుగ్గమీద. గోక్కోకూడదు. ఆలోచన మళ్ళించుకోవాలి. కాలేజీలో మాస్టారు గుర్తొచ్చాడు, ఉలితో బల్లమీద కొడుతూ, "రాయి పట్టుకో, కంచు పట్టుకో అంజుగం, మన పెద్దవాళ్ళు ఏం చేశారో చూడు. ఇదేమిటి, మిఠాయికొట్టు ముందు పెట్టే సరుకు." అదే మాస్టారు పదేళ్ళకి ఆమె ప్రదర్శన పుస్తకానికి ముందుమాట రాశాడు. సామాన్యుడి తెరపిచ్చిని చురుగ్గా వేళాకోళం చేసిన చెయ్యి అని రాశాడు. వేళాకోళం. ఆ మాట ఆ ముందుమాటతో మొదలుకాలేదు. మొదటి ప్రదర్శన మొదటి సాయంత్రమే ఢిల్లీనుంచి వచ్చిన విమర్శకుడొకడు, పైజమా లాల్చీ, వెండి ఉంగరాలు, బొమ్మ ముందు నిలబడి గట్టిగా నవ్వాడు. నిండుగా, సంతోషంగా నవ్వాడు. "ఎంత కొంటెగా ఉన్నాడమ్మా వీడు. ఈ వెర్రి మొహం ఎక్కడ పట్టావు?" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. అంజుగం నోరు తెరిచింది, వాడు మా, అన్నంతవరకు వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వుతున్నారు, మీనాళ్ దూరంనుంచి కళ్ళతో భేష్ అంటోంది, కాలేజీ వదిలాక ఐదేళ్ళుగా ఒక్కరూ ఆమె పనిని పట్టుమని ఒక్క నిమిషం చూసినవాళ్ళు లేరు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు అలా ఉండిపోయింది. నవ్విన తర్వాత ఏడుపు కథ ఎలా చెప్తారు ఎవరైనా. రేపు చెప్దాం అనుకుంది, రేపు పేపర్లో ఫోటో వచ్చింది, కింద ‘చెన్నై చిలిపి శిల్పి’ అని ఉంది.

అమ్మని తీసుకురావద్దనే అనుకుంది. నాన్న తీసుకొచ్చాడు. అమ్మ, బొమ్మ చుట్టూ ఉన్న తాడు దాటి లోపలికి వెళ్ళింది, కాపలావాడు ఆపబోతే యూసుఫ్ వాడి చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ వాడి ముఖం చూడలేదు. పైకే చూడలేదు. పాదాల దగ్గర కూర్చుంది. ఆ పాదాల మీద అంజుగం మూడు పూతల వార్నిష్ వేసింది, దీపాల కింద అవి మెరుస్తున్నాయి. "తడిగా ఉన్నాయే కాళ్ళు," అంది అమ్మ మెల్లగా. "తుడవ్వే. జారతాడు." కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. ఒక కాలు, వేళ్ళ సందులు, రెండో కాలు. ఎక్కణ్ణుంచో ఫోటోవాడు వచ్చి మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఆ ఫోటో చాలాచోట్ల అచ్చయింది, కళకీ సామాన్యులకీ మధ్య గోడ లేదని చెప్పడానికి ఎవరు ఏ వ్యాసం రాసినా ఇప్పటికీ ఆ ఫోటోనే వేస్తారు. ఒక వృద్ధురాలు, అని కింద రాస్తారు.

"లోపల ఎలా ఉందో పాపం," అంటోంది మీనాళ్. "ఆవిడకి వినపడదులెండి, చెవుల్లో దూది ఉంది," అన్నాడు అశ్వత్థ్. ఎడమ చెవిలో దూది ఎప్పుడో జారిపోయింది. యూసుఫ్ అంచుల దగ్గర వేలితో తడుముతున్నాడు, ఇంకా కాసేపు, అని ఆమె భుజం మీద తట్టాడు.

నీలం పాలబ్బాయి. బంగారు పాలబ్బాయి. గులాబీ పాలబ్బాయి, అది సింగపూర్ వాళ్ళకి. బల్లమీద పెట్టుకునే చిన్న పాలబ్బాయిలు, వాటికి ముఖం సరిగ్గా రాలేదు, ఎవరి ముఖమో అయింది, అందుకే అంజుగానికి అవంటే కొంచెం ఇష్టం. ఒకసారి గుర్‌గావ్ దాటాక ఒకరి తోటబంగళాలో విందుకి తీసుకెళ్ళింది మీనాళ్. ఈతకొలను అంచున వాడు నిలబడి ఉన్నాడు, పసుపు చొక్కావాడు, మొట్టమొదటివాడు. ఇంటాయన క్యానుకి కన్నం పెట్టించి లోపల మోటారు బిగించాడు. క్యానులోంచి తెల్లటి నీళ్ళు ధారగా కొలనులో పడుతున్నాయి, దాని కింద ఎవరో ఒకాయన నోరు తెరుచుకుని నిలబడితే అందరూ చప్పట్లు కొడుతున్నారు. "చూశారా, మీ బొమ్మకి ప్రాణం పోశాను," అన్నాడు ఇంటాయన, నిజంగా ఆమె మెచ్చుకుంటుందనుకునే. పాదాల కింద రాయి తడిసి పాకుడు పట్టింది. ఆమె చూసింది అదొక్కటే. నీళ్ళ గ్లాసు కింద పెట్టి, తల నొప్పిగా ఉందని కారులో కూర్చుంది.

ఆ సంవత్సరమే వేరే బొమ్మ చేసింది. పడిపోయినవాడు. అదే చొక్కా, అవే బుగ్గలు, పక్కకి తిరిగిన మెడ, కిందపడ్డ చెయ్యి ఎటు తిరగకూడదో అటు తిరిగి. ఎనిమిది నెలలు చేసింది. యూసుఫ్ ఆ ఎనిమిది నెలలూ పక్కనే ఉండి ఫైబర్ పూశాడు, గరుకుకాగితంతో రుద్దాడు, ఒక్కమాట అనలేదు, ఒకరోజు మాత్రం ఆ చెయ్యి దగ్గరికి వచ్చి "ఇటు కాదక్కా, ఇంకొంచెం లోపలికి" అని వెళ్ళి బయట బీడీ కాల్చుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్య సెల్వం గురించి నడిచిన మాట ముప్ఫై ఏళ్ళలో అదొక్కటే. బొమ్మ ముంబై వెళ్ళింది. పెట్టె విప్పినవాళ్ళు మీనాళ్‌కి ఫోన్ చేశారు, దారిలో దెబ్బతిన్నట్టుంది, చెయ్యి విరిగింది, నిలబడటంలేదు అని. మీనాళ్ నవ్వుతూ ఆ సంగతి చెప్పి, "నీకేమనిపిస్తోందో నాకు తెలీదు అంజూ, కానీ జనం నీ దగ్గరికి సంతోషం కోసం వస్తారు" అంది. అది కూడా చెడ్డగా అనలేదు. ఎవరూ ఏదీ చెడ్డగా అనలేదు, అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోలుతోనే కొంచెం కొంచెంగా వాణ్ణి తీసుకుపోయారు. తిట్టినవాడైతే ఎదురు తిట్టి ఉండేది.

"కథ చాలా సింపుల్ మేడమ్," అశ్వత్థ్ గొంతు. కుర్చీ ముందుకి జరుపుకున్న చప్పుడు. మీనాళ్‌కి చెప్తున్నాడు. "ముప్ఫై సెకన్ల ప్రకటన. పాలబ్బాయి బొమ్మలా నిలబడి ఉంటాడు. ఒక చిన్నపాప వచ్చి చూస్తుంది. వాడు కన్ను కొడతాడు. క్యాను పట్టుకుని అలా పైపైకి ఎక్కుతాడు, పాలు పోస్తాడు, పాలమీద కాలు జారుతుంది."

"అయ్యో," అంది మీనాళ్, నవ్వు గొంతుతో.

"జారి, అంత ఎత్తునుంచి ధబ్‌మని పడతాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. పాప ఒక గ్లాసు పాలు పట్టుకొస్తుంది. వాడు గటగటా తాగి, దులుపుకుని లేస్తాడు. మన పాలు తాగినవాడు పడినా లేస్తాడు. అంతే మేడమ్. ఆఫీసులో పిల్లలకి చూపిస్తే పడ్డప్పుడు ఒకటే నవ్వు."

బొటనవేలు ఎత్తవచ్చు. ఎత్తితే యూసుఫ్ వస్తాడు, మెల్లగా అంచులు వదులు చేస్తాడు, అచ్చు చెడకుండా తీస్తాడు. ఆ సంగతి ఆమెకి తెలుసు, తెలుస్తూనే ఉంది, వేలు బల్లమీద అలాగే ఉంది. కదిలింది నోరు. పెదవులమీద గట్టిపడిన పెంకు ముందు వినలేదు, దవడ ఎముక నొప్పెట్టింది, తర్వాత ఎక్కడో చెంప దగ్గర పుటుక్కుమంది, వెలుగు సన్నగా లోపలికి వచ్చింది.

"వాడు లేవలేదు."

యూసుఫ్ పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో పెంకు పట్టుకున్నాడు. అది మూడు ముక్కలుగా వచ్చింది. అంజుగం లేచి కూర్చుంది, కనుబొమలకి తెల్లటి పొడి, గడ్డం మీద తడి సున్నం. మీనాళ్ నిలబడిపోయింది. "ఏమైంది అంజూ, ఊపిరాడలేదా?"

"లేవలేదు," అంది అంజుగం. "వాడు మా తమ్ముడు. సెల్వం. సైదాపేటలో కటౌట్ మీంచి పడ్డాడు. పాలు పోస్తూ పడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయాడు. వాడే ఈ బొమ్మ."

రేకుల మీద ఎండ చిటపటలాడింది. మీనాళ్ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి, దగ్గరికొచ్చి అంజుగం చెయ్యి పట్టుకుంది, ఆ చేతికి సున్నం అంటుకున్నా పట్టించుకోలేదు. "ఇన్నేళ్ళు నాకొక్క మాట చెప్పలేదే నువ్వు. నేనెవర్నో అనుకున్నావా?" అంది. అంజుగానికి గుండెలో ఏదో వదులైనట్టయింది, ఇంత తేలికా ఇది, ఇంతేనా, ముప్ఫై ఏళ్ళు మోసింది దీన్నేనా. మీనాళ్ ముక్కు తుడుచుకుంది. "ప్రదర్శన పుస్తకం ఇంకా ప్రెస్సుకి వెళ్ళలేదు," అంది. "మొదటి పేజీ మార్చాలి. మొత్తం మార్చాలి."

అశ్వత్థ్ లేచాడు. వాడి ముఖంలో ముందు జాలి కనపడింది, జాలి వెనకనుంచి వేరేది వెలుగుతూ వచ్చింది, దాన్ని దాచుకోవడం ఇంకా చేతకాని వయసు. "మేడమ్, ఏం చెప్పాలో తెలీడం లేదు. ఆ ప్రకటన వద్దు, తీసేద్దాం. పిల్లలు నవ్వేది కాదు మేడమ్ ఇది, ఊరంతా ఏడుస్తుంది. మీరే చెప్పాలి. ఇక్కడే, ఇదే బల్లమీద, ఆ పొడి తుడుచుకోకుండా. సెల్వం." ఆ పేరుని నోట్లో అటూ ఇటూ తిప్పి చూశాడు. "చిన్న పేరు, నోరు తిరుగుతుంది. సెల్వం పాలు. ఆయన ఫోటో ఏమైనా ఉందా మేడమ్? అమ్మగారి ఫోటో? కాళ్ళు తుడిచే ఒకావిడ ఫోటో ఉంది కదా, పుస్తకంలో చూశాను, ఆవిడ కొంపదీసి—"

అంజుగం వాడికేసి చూసింది. తర్వాత మీనాళ్‌కేసి చూసింది. మీనాళ్ చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది, వెచ్చగా, ప్రేమగా, ఆ ప్రేమలోనే వేళ్ళు అప్పుడే దేనికోసమో లెక్కలు వేస్తున్నట్టు చిన్నగా కదులుతున్నాయి. బొమ్మ పోయింది. బుగ్గలు పోయాయి, చొక్కా పోయింది, పాదాలు పోయాయి. పేరొక్కటే ఇంట్లో ఉంది ఇన్నాళ్ళూ. దాన్ని ఇప్పుడే, తన నోటితోనే, గుమ్మంలో పెట్టింది.

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎలా తెచ్చుకోవాలో ఆమెకి బాగా తెలుసు.

"నిజమనుకున్నావా తంబీ," అంది. "నీ ప్రకటన వింటుంటే లోపల ఒళ్ళు మండింది. కాసేపు ఏడిపిద్దామనిపించింది. నాకు తమ్ముడూ లేడు, ఎవరూ లేరు. వాడెవడో రోజు కూలికి నిలబడ్డవాడు."

"అంజూ," అంది మీనాళ్, చెయ్యి వదిలి. "ఇలాంటివాటితో ఆటలా?"

"పేరు?" అన్నాడు అశ్వత్థ్. ఇంకా ఆశ వదల్లేదు.

"ఏమో. గుర్తులేదు."

వాడు యూసుఫ్ వైపు తిరిగాడు. యూసుఫ్ కింద కూర్చుని పగిలిన ముక్కలు ఏరుతున్నాడు. తల ఎత్తలేదు. "నేనే పిలుచుకొచ్చా సార్ వాణ్ణి," అన్నాడు. "బస్టాండులో దొరికాడు. రెండుపూటలా బిరియానీ పెట్టించి పంపేశాం. మళ్ళీ కనబడలేదు."

"ప్చ్," అన్నాడు అశ్వత్థ్, నిజంగా బాధగా. "బాగుండేది మేడమ్. అయితే పాతదే తీద్దాం, పడి లేచేది." మీనాళ్ నెమ్మదిగా కూర్చుంది. అంజుగం ముఖంలోకి అనుమానంగా కాసేపు చూసి, చూడటం మానేసి, ఫోన్ తీసుకుని డ్రైవర్‌కి ఇంకో గంట పడుతుందని చెప్పింది.

యూసుఫ్ కొత్త ప్లాస్టర్ కలిపాడు. నీళ్ళలో పొడి పోస్తూ, ఉండకట్టకుండా చేత్తో తిప్పుతూ, చాలాసేపు అలా తిప్పుతూనే ఉన్నాడు. ఆమె ముఖం తడిగుడ్డతో తుడిచాడు, కనుబొమలు, చెంపలు, గడ్డం. చెవుల్లో దూది ఈసారి గట్టిగా కుక్కాడు, రెండు చెవుల్లోనూ. "పడుకో అక్కా," అన్నాడు. ఆమె పడుకుంది. రెప్పలు మూసుకుంది. ఈసారి అతను నుదుటి దగ్గర మొదలుపెట్టలేదు. ముందు నోరు మూశాడు.